ఎస్‌జీపీటీ నార్మల్ అంటే లివర్ నార్మల్ అని కాదు

ఎడిటర్ గారికి నమస్కారం.

లివర్ దెబ్బతింటోందని ముందే పసిగట్టే కొత్త రక్తపరీక్షల గురించి మీ ఆరోగ్యం పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. సమాచారం బాగుంది, బొమ్మ కూడా బాగుంది. కానీ అది చదివిన మనిషికి ఏమనిపిస్తుందంటే, ఇన్నాళ్ళూ మన దగ్గర సరైన పరీక్ష లేక లివర్లు పాడయ్యాయి, రేపో ఎల్లుండో ఒక చుక్క రక్తంతో అంతా తేలిపోతుంది అని. ముప్ఫై ఏళ్ళకు పైగా ల్యాబ్‌లో ట్యూబులు పట్టుకుని పనిచేసి రిటైర్ అయినవాణ్ణి, నాకు కనిపించింది వేరు. పరీక్ష లేక నష్టపోయినవాళ్ళకంటే, పరీక్ష చేయించుకుని, రిపోర్టు ఇంటికి తెచ్చుకుని, అందులో ఉన్నది చదవక నష్టపోయినవాళ్ళనే ఎక్కువ చూశాను. అందులో మా బావ ఒకడు. చదవనివాళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఏడేళ్ళ కిందటి మాట. అప్పటికి బావకు 60 ఏళ్ళు. రోజూ సాయంత్రం ఒక క్వార్టర్, ఆదివారం ఇంకాస్త. అక్క పోరు పడలేక ఒక ప్రైవేటు ల్యాబ్‌లో ఫుల్ బాడీ చెకప్ చేయించుకున్నాడు. రిపోర్టు తెచ్చి నా ముందు పడేసి, "చూడరా, ఎస్‌జీపీటీ 36, నార్మల్! మీ అక్కకు చెప్పు" అన్నాడు. నిజమే, లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్ అది, ఆ 36 కింద గీత లేదు, బోల్డ్ అక్షరాలు లేవు. దాని జంట ఎంజైమ్ ఎస్‌జీఓటీ 72 ఉంది, దాని పక్కన ఒక చిన్న బాణం. ప్లేట్‌లెట్లు 1 లక్షా 20 వేలు. ఆ నెలలో ఊళ్ళో డెంగీ జ్వరాలు, ఇతనికీ వారం ముందు రెండ్రోజులు ఒళ్ళు వెచ్చబడింది, అందుకని ప్లేట్‌లెట్ల తగ్గుదలను డెంగీ ఖాతాలో వేసేశాం. ఎర్ర రక్తకణాల సైజు చెప్పే ఎంసీవీ, తాగుడుకు పెరిగేది, 104 అని ఉంది, దాన్ని ఎవరూ చూడనే లేదు. "బాగానే ఉంది బావా, కాస్త తగ్గించు" అన్నాను. ఆ మాట నేనే అన్నాను.

తర్వాత రెండేళ్ళకు మూడు రోజులపాటు తారులా నల్లటి విరేచనాలు, నాలుగో రోజు తెల్లవారుజామున గిన్నెడు రక్తం కక్కుకున్నాడు. ఎండోస్కోపీ చేసి, అన్నవాహికలో నరాలు ఉబ్బి పగిలాయని చెప్పి బ్యాండ్లు వేశారు. సిరోసిస్, అంటే లివర్ మచ్చలు కట్టి గట్టిపడిపోవడం. అది రెండేళ్ళలో వచ్చేది కాదని మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు ఆ పాత రిపోర్టులో ఏముందో చెబుతాను. ఎస్‌జీపీటీ (దీన్నే ఏఎల్‌టీ అంటున్నారు) ఎక్కువగా లివర్ కణాల్లోనే ఉంటుంది. ఎస్‌జీఓటీ (ఏఎస్‌టీ) లివర్‌తోపాటు గుండెలో, కండల్లో, ఎర్ర రక్తకణాల్లో కూడా ఉంటుంది. అందుకే చాలామంది ఎస్‌జీపీటీ ఒక్కటే చూసి రెండోదాన్ని వదిలేస్తారు. సారా తాగేవాడి విషయంలో ఇది తలకిందులు. ఎస్‌జీపీటీ తయారీకి బీ6 విటమిన్ బాగా కావాలి, రోజూ తాగేవాడిలో ఆ విటమిన్ తరిగిపోతుంది, దాంతో లివర్ దెబ్బతింటున్నా ఎస్‌జీపీటీ పెద్దగా పెరగదు, ఎస్‌జీఓటీ మాత్రం పెరుగుతుంది. ఎస్‌జీఓటీ దానికి రెండింతలు ఉందంటే ముందుగా అనుమానించాల్సింది తాగుడునే. 72, 36. సరిగ్గా రెండింతలు. పైగా తాగుడు వల్ల లివర్ ఎంత వాచినా ఈ అంకెలు మూడు నాలుగు వందలు దాటడం అరుదు. వేలల్లోకి వెళ్ళిందంటే వైరస్సో, మందుబిళ్ళల విషమో, రక్తప్రసరణ ఆగిపోవడమో వెతకాలి. జనం మాత్రం అంకె చిన్నదైతే రోగం చిన్నది అనుకుంటారు. తగలబడటానికి ఇంట్లో ఏమీ మిగలకపోతే పొగ కూడా రాదు. ముదిరిన సిరోసిస్‌లో ఎస్‌జీపీటీ హాయిగా నార్మల్‌లోనే ఉండొచ్చు.

అసలు నార్మల్ గీత దగ్గరే గొడవ ఉంది. మన ల్యాబుల్లో 40 దాకానో, 45 దాకానో, మెషీన్‌ను బట్టి 50 దాకానో నార్మల్ అని వేస్తారు. అమెరికా గ్యాస్ట్రోఎంటరాలజీ కాలేజీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో నిజంగా ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళకు 29 నుంచి 33, ఆడవాళ్ళకు 19 నుంచి 25 దగ్గరే గీత గీశారు. ఆ లెక్కన బావ 36 కూడా గీత దాటినట్టే.

ప్లేట్‌లెట్ల సంగతి ఇంకా ముఖ్యం. లివర్ గట్టిపడితే పేగుల నుంచి వచ్చే రక్తం లోపలికి సాఫీగా వెళ్ళలేక వెనక్కి తన్నుతుంది, ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లను తనలో ఆపేసుకుంటుంది, పైగా ప్లేట్‌లెట్లను తయారు చేయమని ఎముక మజ్జకు చెప్పే హార్మోన్ కూడా లివర్‌లోనే పుడుతుంది కాబట్టి అదీ తగ్గుతుంది. డెంగీలో పడిపోయిన ప్లేట్‌లెట్లు వారం పది రోజుల్లో లేచి వస్తాయి. లేచాయో లేదో మేము మళ్ళీ చూడలేదు.

వీటన్నిటినీ కలిపి లెక్కకట్టే సూత్రం ఒకటి 2006 నుంచి ఉంది, ఫిబ్-4 అంటారు. వయసును ఎస్‌జీఓటీతో గుణించాలి. దాన్ని, ప్లేట్‌లెట్ల సంఖ్యను ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణిస్తే వచ్చినదానితో భాగించాలి. అంతే. 60ని 72తో గుణిస్తే 4320. ప్లేట్‌లెట్లు వేలల్లో వేసుకోవాలి, అంటే 120. 36కి వర్గమూలం 6. 120 ఆర్లు 720. 4320ని 720తో భాగిస్తే 6. ఈ లెక్కలో 1.3 కంటే తక్కువ వస్తే లివర్ గట్టిపడి ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే వెంటనే ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడిందో కొలిచే స్కాన్) చేయించి లివర్ డాక్టర్‌కు చూపించాలి. బావకు 6 వచ్చింది. ఐదో తరగతి పిల్లాడు కాకపోయినా పదో తరగతి పిల్లాడు చేసే లెక్క. అది చేయడానికి అదనంగా రక్తం అక్కర్లేదు, రసాయనం అక్కర్లేదు, ఒక్క రూపాయి అక్కర్లేదు. ఆ మూడు అంకెలూ ఆ రిపోర్టులోనే, రెండు పేజీల తేడాలో ఉన్నాయి, లెక్క వేసినవాడే లేడు.

దీనికీ లోపాలున్నాయి, దాచను. 35 ఏళ్ళలోపు వాళ్ళకు ఇది పనికిరాదు, 65 దాటినవాళ్ళకు కింది గీతను 2 దాకా జరుపుతారు, డెంగీ జ్వరంలోనో కామెర్లు ముదిరి ఉన్నప్పుడో వేస్తే తప్పుగా పెరిగి కనిపిస్తుంది, బాగా తాగుతున్న రోజుల్లో ఎస్‌జీఓటీ ఎక్కువ ఉంటుంది కాబట్టి ఉన్నదానికంటే పెద్దది చూపిస్తుంది. కాబట్టి 2.67 దాటగానే సిరోసిస్ అని ఇంట్లో ఏడుపులు మొదలుపెట్టొద్దు. తరవాతి పరీక్ష చేయించమని అర్థం, అంతవరకే.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీలను చేత్తోనే చేసేవాళ్ళం. 1957 నాటి రీట్‌మన్, ఫ్రాంకెల్ పద్ధతి. సీరం కలిపి 37 డిగ్రీల నీళ్ళలో ఒకదాన్ని అరగంట, రెండోదాన్ని గంట ఉంచి, చివర్లో కాస్టిక్ సోడా పోస్తే ఎర్రగోధుమ రంగు తేలేది, ఎంత చిక్కగా వస్తే అంత ఎక్కువ. ఎస్‌జీఓటీని రక్తంలో కొలవడం 1954లో న్యూయార్క్‌లో మొదలైంది, అదీ లివర్ కోసం కాదు, గుండెపోటును పట్టుకోవడానికి. ఇప్పుడు పేషెంట్లకు ఈ చరిత్ర చెబితే నవ్వుతారు. నవ్వే విషయం ఇంకోటుంది, ఎల్‌ఎఫ్‌టీ అంటే లివర్ పనితీరు పరీక్ష కదా, కానీ అందులో జనం చూసే ఈ రెండూ పనితీరు చెప్పవు, కణాలు పగిలి ఎంత బయటికి కారిందో చెబుతాయి. పనితీరు చెప్పేవి ఆల్బుమిన్ (లివర్ తయారు చేసే ప్రోటీన్), బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం), అన్నిటికంటే ముఖ్యంగా ఐఎన్‌ఆర్. రక్తం గడ్డకట్టడానికి కావలసిన సరుకు లివర్ తయారు చేస్తోందా లేదా అని ఐఎన్‌ఆర్ చెబుతుంది. అది మామూలు ఎల్‌ఎఫ్‌టీ ప్యాకేజీలో ఉండదు, దానికి నీలం మూత ట్యూబులో విడిగా రక్తం తీయాలి, అందుకే సగం మందికి దాని పేరే తెలీదు.

ఇంకో ల్యాబ్ మాట. సూది సరిగ్గా దిగక రక్తం నురగలు కట్టినా, ట్యూబును గట్టిగా ఊపినా ఎర్రకణాలు పగిలి ఎస్‌జీఓటీ ఎక్కువ చూపిస్తుంది. శాంపిల్‌ను ఎండ తగిలేచోట పెడితే బిలిరుబిన్ తక్కువ చూపిస్తుంది. ఇంటింటికీ వచ్చి రక్తం తీసుకుని బండి మీద ఊరంతా తిప్పే కుర్రాళ్ళు ఆ ట్యూబుల్ని ఎలా తీసుకెళ్తున్నారో ఒకసారి మీ విలేకరిని పంపి చూడమనండి.

ఇక రెండో మందు. మన భాషలో సారాకూ, బిళ్ళలకూ మందు అనే ఒకటే మాట ఉండటం కాకతాళీయమే అనుకోండి, లివర్‌కు మాత్రం ఆ తేడా తెలీదు. మందుబిళ్ళల వల్ల లివర్ దెబ్బతినడంలో మన దేశంలో మొదటి స్థానం టీబీ మందులది. బెంగళూరు సెయింట్ జాన్స్ ఆసుపత్రితో కలిసి దేశంలోని పలు ఆసుపత్రులు 1288 మంది రోగుల వివరాలు పోగు చేసి 2021లో ప్రచురించాయి. అందులో దాదాపు సగం మంది టీబీ మందుల వాళ్ళే, 14 శాతం దాకా మూలికలు, నాటుమందుల వాళ్ళు. బ్రిటన్‌లో, అమెరికాలో పారాసిటమాల్ మోతాదు మించడం పెద్ద సమస్య, మన సమస్య వేరు.

దీనర్థం టీబీ మందు మానేయమని కాదు. దయచేసి ఈ వాక్యాన్ని కత్తిరించకండి. టీబీ మందు మానేస్తే టీబీ చంపుతుంది. నేను చెప్పేది ఏ గుర్తు చూసి పరిగెత్తాలో తెలియాలని. మా వీధిలో ఒకావిడకు మందు మొదలైన నాలుగో వారంలో ఆకలి పోయింది, వాంతులు. వేడి చేసిందని మజ్జిగ తాగింది, సబ్జా గింజలు తాగింది. మూత్రం రంగు మారితే, "ఈ మందుకు ఎర్రగా వస్తుంది, భయపడొద్దని మందిచ్చినప్పుడే చెప్పారు" అంది. చెప్పిన మాట నిజమే, రిఫాంపిసిన్ బిళ్ళకు మూత్రం నారింజ రంగులోకి మారుతుంది. కానీ అది కంటి తెల్లగుడ్డును పచ్చగా చెయ్యదు, ఆవిడ కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం డికాషన్ రంగుకు తిరిగింది. పరీక్ష చేస్తే ఎస్‌జీపీటీ వందల్లో ఉంది. అదృష్టం, డాక్టర్ వెంటనే బిళ్ళలు ఆపించి, తగ్గాక ఒక్కొక్కటిగా మళ్ళీ మొదలుపెట్టి కోర్సు పూర్తి చేయించారు. డాక్టర్లు చూసే లెక్క కూడా పెద్ద రహస్యం కాదు. వాంతులు, ఆకలి లేకపోవడం, కామెర్లు లాంటివి ఉంటే నార్మల్ పై గీతకు మూడింతలు దాటగానే, ఏ బాధా లేకపోతే ఐదింతలు దాటినప్పుడు, మందు ఆపుతారు. ఏ మందైనా సరే, ఎస్‌జీపీటీ మూడింతలు దాటి, దానితోపాటు బిలిరుబిన్ కూడా రెండింతలు దాటిందంటే అది ఇంటి దగ్గర కూర్చునే విషయం కాదు, అలాంటివాళ్ళలో పదిమందిలో ఒకరు చనిపోవచ్చని హైమన్ జిమ్మర్‌మన్ అనే అమెరికా డాక్టర్ ఎప్పుడో చెప్పాడు, ఇప్పటికీ కొత్త మందుల పరీక్షల్లో దాన్నే కొలబద్దగా వాడుతున్నారు. ఒక్క అంకె కాదు, రెండూ కలిసి పెరగడమే ప్రమాదం.

కళ్ళు పచ్చబడగానే మనవాళ్ళు చేసే మొదటి పని పసరు పోయించుకోవడం. వైరస్ కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. మందుబిళ్ళల వల్ల వచ్చిన కామెర్లకు, బిళ్ళ ఆపకుండా పసరు పోయిస్తే ఆ వారం పది రోజులే ప్రాణం మీదికి తెస్తాయి. తిప్పతీగ సంగతి మీ పేపర్లోనే కరోనా రోజుల్లో ఎంత గొప్పగా రాశారో నాకు గుర్తుంది. 2021లో ముంబై డాక్టర్లు కొందరిలో, 2022లో 13 ఆసుపత్రుల డాక్టర్లు కలిసి 43 మందిలో తిప్పతీగ వాడాక లివర్ వాచిందని నివేదించారు. ఆయుష్ శాఖ ఒప్పుకోలేదు, వేరే తీగను తిప్పతీగ అనుకుని ఉంటారని అంది. ఎవరి వాదన వారిది, నేను తీర్పు చెప్పేవాణ్ణి కాను. డాక్టర్ అడిగినప్పుడు "ఏ మందూ వాడట్లేదండీ" అని కాకుండా రోజూ పొద్దున తాగే కషాయం పేరు కూడా చెప్పండి అంటున్నాను. చెట్టు మందు మందే.

మీ వ్యాసంలోని కొత్త పరీక్షల మీద నాకేమీ కోపం లేదు. నిజంగా అందులో గొప్ప సంగతి ఉంది. పారాసిటమాల్ ఎక్కువ మింగినవాళ్ళకు మొదటి కొన్ని గంటల్లో ఎస్‌జీపీటీ నార్మల్‌గానే ఉంటుంది, విరుగుడు మందు మాత్రం ఎనిమిది గంటల్లోపు ఎక్కిస్తేనే బాగా పనిచేస్తుంది. 2013లో ఎడిన్‌బరో, లివర్‌పూల్ (ఊరి పేరులోనే లివర్ ఉంది చూడండి) పరిశోధకులు దెబ్బతిన్న లివర్ కణాల నుంచి రక్తంలోకి వచ్చే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-122, కెరాటిన్-18 లాంటివాటిని ఆసుపత్రికి వచ్చిన వెంటనే కొలిస్తే, ఎస్‌జీపీటీ లేవకముందే ఎవరికి లివర్ దెబ్బతినబోతోందో చెప్పగలిగారు. జీఎల్‌డీహెచ్ అని ఇంకో ఎంజైమ్ ఉంది, అది లివర్ కణాల మైటోకాండ్రియాలో ఉంటుంది, కండల్లో దాదాపు ఉండదు. దీని విలువ నాకు బాగా తెలుసు. ఒక జిమ్ కుర్రాడు బరువులెత్తిన మర్నాడు రక్తమిచ్చి, ఎస్‌జీఓటీ 300 దాటిందని లివర్ పోయిందని వారం రోజులు టెన్షన్‌తో తిండి మానేశాడు. కండలు నలిగితే పెరిగే సీకే అనే ఎంజైమ్ పరీక్ష చేస్తే కండలదని తేలింది. జీఎల్‌డీహెచ్ ఉంటే మొదటి రోజే తేలేది. 2016లో అమెరికా, యూరప్ మందుల నియంత్రణ సంస్థలు ఇలాంటివాటి పరిశోధనకు మద్దతు తెలుపుతూ లేఖలు కూడా ఇచ్చాయి. కానీ ఇవన్నీ కొత్త మందులు కనిపెట్టే చోట్ల వాడకానికి దగ్గరగా ఉన్నాయి తప్ప మా ఖమ్మం ల్యాబ్ కౌంటర్ దగ్గర అడిగితే దొరికేవి కావు. ఆ తేడా మీ వ్యాసంలో ఎక్కడా లేదు. వ్యాసం వచ్చిన మర్నాడే ఇద్దరు నాకు ఫోన్ చేసి ఆ పరీక్ష ఎక్కడ చేస్తారని అడిగారు.

మరొకాయన అడిగింది ఇంకా విచిత్రం. కూతురికి సంబంధం చూస్తున్నాడు, అబ్బాయి తాగుతాడో లేదో రక్తంలో తెలుస్తుందా అని. తెలుస్తుంది. సారా ఒంట్లో ఉన్నప్పుడు మాత్రమే ఎర్రకణాల పొరలో తయారయ్యే పెత్ అనే పదార్థం ఉంది, మానేశాక కూడా రెండు నుంచి నాలుగు వారాల దాకా దొరుకుతుంది, లివర్ మార్పిడి చేసినవాళ్ళు మళ్ళీ మొదలుపెట్టారేమో చూడటానికి వాడతారు. కానీ అది తాగాడా లేదా అని చెబుతుంది, లివర్ ఎలా ఉందో చెప్పదు. పెళ్ళికొడుకు ఒప్పుకోకుండా చేయించడం తప్పు అని కూడా చెప్పాను. ఆయనకు నచ్చినట్టు లేదు, ఫోన్ పెట్టేశాడు.

ఇక నేను అడిగేది ఒక్కటి. 35 దాటిన మనిషికి ఎల్‌ఎఫ్‌టీ, సీబీపీ (ప్లేట్‌లెట్లతో సహా రక్తకణాల లెక్క) రెండూ ఒకేసారి చేసినప్పుడు రిపోర్టు చివర ఫిబ్-4 అంకె ముద్రించాలి, దాని పక్కనే ఎస్‌జీఓటీని ఎస్‌జీపీటీతో భాగిస్తే ఎంతో కూడా. స్కాట్లాండ్‌లోని డండీలో ఇంతకంటే ముందుకెళ్ళారు, ఎల్‌ఎఫ్‌టీ తేడాగా వస్తే అదే రక్తంతో మెషీనే తరవాతి పరీక్షలు చేసేసి, లివర్ ఎంత గట్టిపడిందో లెక్క వేసి, ఏం చేయాలో డాక్టర్‌కు రాసి పంపుతుంది. మనకు అంత అక్కర్లేదు, ఒక్క లైను చాలు. మన దగ్గర తెలంగాణ డయాగ్నస్టిక్స్ 2018 నుంచి బస్తీ దవాఖానాల శాంపిళ్ళను ఉచితంగా పరీక్షిస్తోంది, రిపోర్టులన్నీ కంప్యూటర్లోంచే వస్తాయి, ఈ లెక్క పెట్టడం సాఫ్ట్‌వేర్ కుర్రాడికి ఒక పూట పని. ప్రైవేటు ల్యాబులవాళ్ళు రిపోర్టు మీద రంగురంగుల బొమ్మలు, డైట్ చార్టులు వేస్తున్నారు కదా, ఆ జాగాలో ఇది వేయొచ్చు. మీ పేపర్ ఈ మాట అడిగితే వింటారు, నేనడిగితే ఎవరు వింటారు.

బావ తాగుడు మానేసి ఐదేళ్ళు. ఆరు నెలలకోసారి స్కాన్, ఏడాదికోసారి ఎండోస్కోపీ, ఉప్పు తక్కువ తిండి, అక్క కాపలా. ఆ పాత రిపోర్టును ఇప్పటికీ బీరువాలో పెట్టుకున్నాడు. ఈ మధ్యే తీసి నా ముందు పెట్టి, "నార్మల్ అన్నావు కదరా" అన్నాడు, నవ్వుతూనే అన్నాడు. నా పేరు వేయకండి, మా ఇంట్లో వచ్చేదీ ఆయన ఇంట్లో వచ్చేదీ మీ పేపరే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
ఖమ్మం.